నాన్నగారిని "డిజిటల్ అరెస్ట్" చేశారు, డబ్బు పోలేదు గానీ ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పండి

తణుకు_టు_బెంగళూరు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టే, ఓపిక ఉన్నోళ్ళు చదివి సలహా ఇవ్వండి.

మా నాన్నగారికి 71. జడ్పీ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైర్ అయ్యారు, అమ్మా ఆయనా తణుకులో ఉంటారు, నేను బెంగళూరు, తమ్ముడు పూణే. మొన్నో పొద్దున్న ఆయనకి రికార్డెడ్ కాల్ వచ్చింది, ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబర్లన్నీ కట్ చేసేస్తాం, వివరాలకి 9 నొక్కండి అని. నొక్కారు. ఎవడో లైన్లోకొచ్చి మీ ఆధార్ మీద ముంబైలో ఇంకో సిమ్ తీశారు, దాంతో మనీ లాండరింగ్ జరిగింది అని ఎఫ్ఐఆర్ నంబరు కూడా చదివి, క్రైమ్ బ్రాంచ్ కి కలుపుతున్నాం అని వాట్సాప్ వీడియో కాల్ కి మార్చేశాడు. అవతల ఖాకీ డ్రెస్సు, వెనక గోడ మీద మూడు సింహాలు, టేబుల్ మీద జెండా. మిమ్మల్ని ఈ వీడియో కాల్ లోనే అరెస్ట్ చేశాం, తలుపేసుకోండి, ఇంట్లో ఎవరికీ చెప్పకండి, చెప్తే వాళ్ళ పేర్లు కూడా కేసులోకి లాగాల్సొస్తుంది అన్నారట. ఆయన నిజంగానే బెడ్రూం తలుపేసుకుని కూర్చుండిపోయారు. అమ్మేమో ఎవరో పాత స్టూడెంటుతో మాట్లాడుతున్నారు అనుకుంది. భోజనానికి పిలిస్తే తర్వాత తింటానన్నారు, తినలేదు.

మర్నాడు బ్యాంకు తెరవగానే ఎఫ్‌డీలు తీసి వాళ్ళు చెప్పిన అకౌంట్లో వెయ్యాలి, ఆర్బీఐ వాళ్ళు నోట్ల లెక్క చూసుకుని తిరిగి వేసేస్తారు, అదీ ప్లాను. సాయంత్రం కరెంటు పోయి వైఫై ఆగిపోయి కాల్ కట్టయ్యింది, ఆ గ్యాప్ లో అమ్మ తలుపు తోసుకుని వెళ్ళి ఆయన మొహం చూసి పట్టేసుకుంది. లేకపోతే ఎఫ్‌డీలు అయిపోయేవి.

డబ్బు పోలేదు, సంతోషం. కానీ ఇప్పుడు ఇంట్లో అసలు గొడవ. తమ్ముడు స్మార్ట్ ఫోన్ లాగేసుకుని కీప్యాడ్ ఫోన్ ఇచ్చెయ్యమంటాడు, బ్యాంకు యాప్ లన్నీ మన ఫోన్ లో పెట్టేసుకుందాం అంటాడు. నాన్నగారేమో నేనేమన్నా మతిలేనోణ్ణా అని రెండు పూటలా మాట్లాడటం మానేశారు. ఆయన జీవితంలో ఎవరి దగ్గరా రూపాయి అప్పు చెయ్యని మనిషి, ఆయన పాస్‌బుక్ ఆయన దగ్గర్నుంచి తీసేసుకోవడం నా వల్ల కాదు. ఆయన గౌరవం పోకుండా మళ్ళీ ఇలాంటిది జరక్కుండా ఏం చెయ్యొచ్చు? ఫోన్ లో ఏం సెట్టింగ్స్ పెట్టాలి, బ్యాంకులో ఏం అడగాలి? డబ్బు పోనప్పుడు కూడా కంప్లైంట్ ఇవ్వాలా?


బాషా_నెల్లూరు:

కీప్యాడ్ ఫోన్ ఇచ్చి పడేయండి అన్నా, గొడవుండదు.


సెట్టింగ్స్_శీను:

పైన కీప్యాడ్ అన్న బ్రోకి, కీప్యాడ్ ఫోన్ కి కూడా ఓటీపీ వస్తది, ఓటీపీ అడిగే కాల్ కూడా వస్తది. వీడియో కాల్ ఒక్కటే రాదు, దాంతోపాటు మనవళ్ళ వీడియో కాల్ కూడా రాదు. పెద్దాయన వారం తిరక్కుండా పక్కింటోడి ఫోన్ అడిగి వాట్సాప్ చూసుకుంటాడు, అప్పుడు మీకసలు ఏం తెలీదు.

నేను మొబైల్ షాప్ నడుపుతా, రోజూ పెద్దోళ్ళు వస్తారు, వాళ్ళ ఫోన్ లో నేను చేసేవి చెప్తా. వాట్సాప్ లో ప్రైవసీలోకెళ్ళి కాల్స్ దగ్గర తెలీని నంబర్ల కాల్స్ సైలెంట్ చేసే ఆప్షన్ ఆన్ చెయ్యండి, మీ నాన్నగారి కేసులో ఇదొక్కటి ఉన్నా ఆ వీడియో కాల్ మోగేదే కాదు. గ్రూపుల్లో ఎవరు యాడ్ చెయ్యొచ్చు అన్న చోట నా కాంటాక్ట్స్ మాత్రమే అని పెట్టండి, షేర్ మార్కెట్ టిప్స్ గ్రూపుల్లోకి లాగేది అక్కణ్ణుంచే. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి ఆ పిన్ను ఆయన డైరీలో ఆయన చేత్తోనే రాయించండి. ఫోన్ సెట్టింగ్స్ లో "తెలీని యాప్స్ ఇన్‌స్టాల్" అని ఉంటది, అందులో వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ అన్నిటికీ ఆఫ్ చెయ్యండి, ప్లే ప్రొటెక్ట్ (చెడ్డ యాప్స్ ని పట్టే గూగుల్ ది) ఆన్ లో ఉందో లేదో చూడండి. ఎనీడెస్క్, టీమ్ వ్యూయర్, క్విక్ సపోర్ట్ లాంటివి, అంటే దూరం నుంచి మన ఫోన్ చూసి నడిపే యాప్స్, ఉంటే తీసెయ్యండి, చాలామంది ఫోన్లలో ఉంటాయి, ఎవరు వేశారంటే ఎవరికీ గుర్తుండదు.

ఇంకోటి. కొరియర్ వాళ్ళమని ఫోన్ చేసి స్టార్ కొట్టి ఏదో నంబర్ డయల్ చెయ్యమంటారు, చేస్తే మన కాల్స్ వాళ్ళకి ఫార్వర్డ్ అయిపోతయి, ఓటీపీ కాల్ లో వచ్చేది కూడా వాళ్ళకే పోతది. డౌట్ ఉంటే ##002# కొట్టండి, ఫార్వర్డింగ్ లన్నీ పోతయి. పోస్టు పెట్టినాయన అమ్మగారి ఫోన్ మర్చిపోవద్దు, అందరూ నాన్న ఫోనే సెట్ చేస్తారు.

డబ్బు పోకపోతే 1930 (సైబర్ మోసాల హెల్ప్‌లైన్) కి కాదు, సంచార్ సాథీ అని కేంద్ర టెలికాం వాళ్ళది ఉంది, వెబ్‌సైట్ ఉంది యాప్ ఉంది, దాంట్లో చక్షు అనే చోట ఆ నంబరు, స్క్రీన్‌షాట్ పెట్టి రిపోర్ట్ చెయ్యొచ్చు. పనిలో పని అక్కడే మీ నాన్నగారి పేరు మీద ఎన్ని సిమ్ లున్నాయో కూడా చూపిస్తది. వాడు ముంబైలో సిమ్ ఉందన్నాడుగా, లేదని ఆయన కళ్ళతో ఆయన చూసుకుంటే భయం సగం పోద్ది.


తణుకు_టు_బెంగళూరు:

ఆ చివరిది భలే చెప్పారండి, ఆయనకి ఇప్పటికీ ఏ మూలో ఆ సిమ్ నిజంగా ఉందేమో అనే ఉంది. శనివారం వెళ్తున్నా, కూర్చోబెట్టి చూపిస్తా. చుట్టాల కాల్స్ కొత్త నంబర్ల నుంచి వస్తే మిస్ అవుతాయి కదా అని అమ్మ అడుగుతోంది.


సెట్టింగ్స్_శీను:

సైలెంట్ అయినా కాల్ లిస్టులో కనపడతదండి, చూసి తిరిగి చెయ్యొచ్చు.


కౌంటర్_నం_3:

నేను బ్యాంకులో పనిచేస్తాను, ఏ బ్యాంకో వద్దులెండి. పై సెట్టింగ్స్ అన్నీ మంచివే, కానీ మీరు అడిగినదాంట్లో ముఖ్యమైనది డబ్బు వైపుది. ఫోన్ కి ఎన్ని తాళాలు వేసినా వాడు ఏదో దారిన వస్తాడు, వచ్చాక ఒక్క మధ్యాహ్నంలో ఎంత పోగలదు అన్నది మాత్రం మన చేతిలో ఉంటుంది.

మా దగ్గరికి పోయినేడాది ఒక పెద్దావిడ వచ్చారు, ఎఫ్‌డీ తీసెయ్యాలి, ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తం వేరే అకౌంటుకి పంపడం) చెయ్యాలి అని. ఎందుకమ్మా వడ్డీ పోతుంది కదా అంటే మనవరాలి పెళ్ళికి స్థలం కొంటున్నాం అని చకచకా చెప్పారు. స్థలం ఎక్కడ అంటే తడబడ్డారు. హ్యాండ్ బ్యాగ్ జిప్పు కొంచెం తీసి ఉంది, అందులో ఫోను, స్క్రీన్ వెలుగుతోంది. కాల్ లైన్లోనే ఉంది, వాడు మా మాటలన్నీ వింటున్నాడు. నేను స్లిప్పు మీద "ఫోన్లో ఎవరైనా ఉన్నారా, మాట్లాడకండి, తల ఊపండి" అని రాసి ముందుకి జరిపాను. ఆవిడ తల ఊపి ఏడ్చేశారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, బ్యాంకు వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో కూడా వాళ్ళే నేర్పి పంపిస్తారు. మేం అడిగే ప్రశ్నలకి కస్టమర్లు విసుక్కుంటారు, నా డబ్బు నా ఇష్టం అంటారు, మేనేజరు మీద కంప్లైంట్ పెట్టినవాళ్ళూ ఉన్నారు. 2024 నవంబరులో హైదరాబాదులో ఎస్బీఐ స్టాఫ్ ఒక పెద్దాయన్ని ఇలాగే ఆపి 13 లక్షలు కాపాడారు, పేపర్లో వచ్చింది. అలా అందరికీ కుదరదు, నెలాఖరు రష్ లో ఎవరు చూస్తారు.

అందుకని ఇవి చెయ్యండి. మీ నాన్నగారి పెన్షన్ పడే అకౌంటు వేరు, దాచుకున్నది వేరు అన్నట్టు ఉండాలి. ఫోన్‌పే గూగుల్‌పే ఏదైనా చిన్న బ్యాలెన్సు ఉండే అకౌంటుకే లింకు చెయ్యండి, పాలవాడికీ కూరగాయలకీ మందులకీ సరిపోయేంత. యూపీఐ రోజు లిమిట్ మామూలుగా లక్ష ఉంటుంది, యాప్ లోనో బ్యాంకు ద్వారానో తగ్గించుకునే వీలుంటే తగ్గించుకోవచ్చు. ఎఫ్‌డీలున్న అకౌంటుకి నెట్ బ్యాంకింగ్ అవసరమా అని ఆయన్నే అడగండి, అవసరం లేదంటే తీయించండి. చాలామందికి తెలీదు, నెట్ బ్యాంకింగ్ ఉంటే ఎఫ్‌డీ ఇంట్లో కూర్చుని రెండు నిమిషాల్లో తీసెయ్యొచ్చు, అంటే వాడు స్క్రీన్ షేర్ చేయించుకుని తీయించెయ్యొచ్చు.

ఇంకా మంచిది, ఎఫ్‌డీలు అమ్మా నాన్న ఇద్దరి పేరు మీద పెట్టి ఇద్దరూ కలిసి సంతకం పెడితేనే అన్నట్టు మార్పించండి. ఇక్కడ మీ నాన్నగారి దగ్గర్నుంచి ఏం లాక్కోవట్లేదు, అమ్మకి తెలీకుండా తలుపేసుకుని చేసే వీలు మాత్రమే తీసేస్తున్నాం. వాడి మొత్తం కథకి ఆయువుపట్టు "ఎవరికీ చెప్పకండి" అన్నదే. ఇద్దరి సంతకం కావాలంటే ఎవరికో ఒకరికి చెప్పి తీరాలి, చెప్పగానే కథ అయిపోతుంది.

ఇక డబ్బు పోతే ఏం చెయ్యాలి అన్నది, దేవుడి దయవల్ల మీకు అక్కర్లేదు గానీ చదివేవాళ్ళకి. వెంటనే 1930, ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్ లో కంప్లైంట్, ఆ తర్వాత మీ బ్యాంకు. లేదా ఒకరు 1930 కి చేస్తుంటే ఇంకొకరు బ్యాంకుకి. డబ్బు ముందు ఒక అకౌంటుకి పోతుంది, అక్కణ్ణుంచి ముక్కలు ముక్కలుగా పది అకౌంట్లకి, అక్కణ్ణుంచి ఏటీఎంలకీ క్రిప్టోకీ. 1930 వాళ్ళు ఎంట్రీ చెయ్యగానే ఆ దారిలో ఉన్న బ్యాంకులన్నిటికీ కనపడుతుంది, ఇంకా కదలని సొమ్ముని అక్కడే ఆపుతారు. గంటలో చెబితే దొరికే అవకాశం వేరు, మర్నాడు చెబితే వేరు.

ఆర్బీఐ రూలు గురించి కూడా చాలామంది పొరపాటు పడతారు. 2017లో వచ్చిన సర్క్యులర్ ప్రకారం మన ప్రమేయం ఏం లేకుండా, బ్యాంకుదీ కాకుండా, మధ్యలో ఎవరో చేసిన మోసానికి మూడు పనిదినాల్లో చెబితే కస్టమర్ కి నష్టం సున్నా. నిజమే. కానీ ఓటీపీ మనమే చెప్పినా, మనమే సంతకం పెట్టి పంపినా అది ఈ లెక్కలోకి రాదు, బ్యాంకుకి చెప్పిన తర్వాత పోయినదానికి మాత్రమే బ్యాంకు బాధ్యత. డిజిటల్ అరెస్ట్ కేసులన్నీ ఈ రెండో రకమే.


కరీంనగర్_కోడలు:

కౌంటర్ సార్ జెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మా అత్తమ్మకు అయింది జెప్త.

అత్తమ్మ ఊర్లనే ఉంటది, జగిత్యాల దిక్కు. వాట్సాప్ ల పెండ్లి పత్రిక అని ఫైల్ వచ్చింది, తెలిసినామె నంబర్ నుంచే వచ్చింది, ఎవలదో పెండ్లి అనుకొని ఒత్తింది. ఏం ఓపెన్ గాలె. అది ఏపీకే ఫైల్, అంటే ఫోన్ల యాప్ ఎక్కించే ఫైల్, ఆమె ఫోన్ల మెసేజ్ లన్ని ఆల్లకు పోయినయి. తెల్లారి అకౌంట్ల డెబ్బై వేల మీద లేవు, వడ్లు అమ్మిన పైసలు అవి. అదే ఫైల్ ఈమె నంబర్ నుంచి ఊరంతటికి పోయింది, ఆ సంగతి గూడ ఆమెకు ఎరుక లేదు. ఇట్లనే చలాన్ అని, పీఎం కిసాన్ అని, బ్యాంక్ కేవైసీ అని రకరకాల పేర్లతోని వస్తయి, పేరేదైనా ఎనుకకు ఏపీకే అని ఉంటే ముట్టుకోవద్దు.

పైసలు పోయినందుకు గాదు నాకు బాధ. ఆమె రెండొద్దులు ఎవలికీ చెప్పలే. మా ఆయన కోపం మనిషి, అంతకు ముందు ఎప్పుడో రీఛార్జ్ తప్పు నంబర్ కు కొట్టిందని గట్టిగ ఒర్రిండు, అది మనసుల పెట్టుకున్నది. కొడుకు ఏమంటడో అని సప్పుడు జెయ్యకుండ ఉన్నది. అన్నం తింటలేదు, ఎందుకమ్మ అంటే కడుపుల మంచిగ లేదన్నది. రెండొద్దుల తర్వాత నాకు చెప్పింది, నేను 1930 కు చేసిన, అప్పటికి చానా వరకు పోయినయి. ఒక ఇరువై వేలు మాత్రం యాడనో బ్యాంక్ ల ఆగినయి. అవి అప్పుడు కోర్టు ద్వారానే వచ్చేటియి, మాకు లోక్ అదాలత్ ల వచ్చినయి, టైం పట్టింది గాని వచ్చినయి. తెలంగాణల సైబర్ పోలీసోళ్ళు లోక్ అదాలత్ లకు ఇట్లాంటియి చానా పెడ్తున్నరు, ఆగిన పైసలు ఉన్నోళ్ళు మల్ల మల్ల పోయి అడుగుండ్రి, ఊకుంటే అట్లనే ఉంటయి.

తణుకు అన్నా, మీ తమ్మునికి జెప్పు, ఇప్పుడు ఆయన్ను తిడితే ఈసారి కాల్ వస్తె మీకు చెప్పడు. అంతే.


పెన్షనర్_69:

అన్ని సమాధానాలూ చదివాను. సెట్టింగ్స్ బాబు, బ్యాంకు వారు మంచి మాటలు చెప్పారు. నేను మీరంతా మాట్లాడుకుంటున్న ఆ "పెద్దోళ్ళ"లో ఒకణ్ణి, పోస్టల్ లో చేసి రిటైర్ అయ్యాను, రాజమండ్రి. అందుకని కొంచెం కోపంగానే రాస్తున్నాను, ఏమనుకోకండి.

మాకు ఫోన్ చేతకాక మోసపోతున్నాం అనుకుంటారు మీరు. లూధియానాలో వర్ధమాన్ గ్రూపు ఓస్వాల్ గారు, 82 ఏళ్ళు, పద్మభూషణ్, వేల కోట్ల వ్యాపారం నడిపిన మనిషి, 2024లో ఆయన్ని కూడా ఇలాగే కూర్చోబెట్టి ఏకంగా దొంగ సుప్రీంకోర్టు పెట్టి, దొంగ చీఫ్ జస్టిస్ తో ఆన్‌లైన్ లో విచారణ చేయించి ఏడు కోట్లు తీసుకున్నారు. ఆయనకి ఫోన్ రాదా, ఇంగ్లీషు రాదా? డాక్టర్లు పోగొట్టుకుంటున్నారు, రిటైర్డ్ ఆఫీసర్లు పోగొట్టుకుంటున్నారు. మేము ముప్ఫై నలభై ఏళ్ళు గవర్నమెంటు కాగితానికి విలువిచ్చి బతికిన వాళ్ళం. మెమో వస్తే సమాధానం ఇవ్వాలి, పైవాడు పిలిస్తే వెళ్ళాలి, ఎంక్వైరీ ఉంటే సహకరించాలి, ఇది ఒంట్లో ఇంకిపోయింది. వాడు ఆడుకునేది దాంతో. మీ వయసు వాళ్ళకి ట్రాయ్ నుంచి ఫోనొస్తే బూతులు తిట్టి పెట్టేస్తారు, మాకు చేతులు వణుకుతాయి. మీ నాన్నగారు లెక్కల మాస్టారు అంటున్నారు, రికార్డులన్నీ సరిగ్గా పెట్టే మనిషై ఉంటారు, ఆయన మీదే కేసంటే ఆ అవమానమే సగం చంపేస్తుంది.

అందుకని ఆయనకి "నమ్మకండి నాన్నా" అని చెప్పకండి. చట్టం చెప్పండి, మాకు రూలు చూపిస్తే అర్థమవుతుంది. డిజిటల్ అరెస్ట్ అన్నది మన చట్టంలో ఎక్కడా లేదు. ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్ లో ఇదే చెప్పారు. పోలీసులు నిందితుణ్ణి అరెస్ట్ చెయ్యకుండా విచారణకి రమ్మనాలంటే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35 సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసు వాట్సాప్ లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో పోలీసులకి చెప్పింది. అంటే వాట్సాప్ లో వచ్చిన నోటీసుకి సమాధానం ఇవ్వకపోవడం తప్పు కాదు. ఈ ఒక్క ముక్క నాకు ఎంత ధైర్యం ఇచ్చిందో మీకు తెలీదు. అంబాలాలో ఒక ముసలి దంపతులు కోటి పైన పోగొట్టుకుని సుప్రీంకోర్టుకి ఉత్తరం రాస్తే దాన్ని కోర్టు తనంతట తాను కేసుగా తీసుకుంది, 2025 డిసెంబరులో దర్యాప్తు సీబీఐకి అప్పగించింది. ఉత్తరం రాసింది ముసలివాళ్ళే, గమనించండి.

మా పెన్షనర్ల సంఘంలో ఒక పని మొదలుపెట్టాం. మీటింగులో ఒకడు సీబీఐ ఆఫీసర్ లాగా ఫోన్ చేస్తాడు, ఇంకొకడు తీసుకోవాలి. మొదట్లో అందరూ నవ్వారు. కానీ నాటకమని తెలిసినా ఫోన్ తీసుకున్న మనిషికి గొంతు ఆరిపోతోంది, వాడి ప్రశ్నలకి నిజంగానే జవాబులు చెప్పేస్తున్నాడు. అదొకసారి అనుభవంలోకి వచ్చాక ఫోన్ పెట్టెయ్యడం సులువవుతుంది. "నేను మా పోలీస్ స్టేషన్ కి వచ్చి మాట్లాడతాను" అని ఒక్క వాక్యం, పెట్టెయ్యడం. ఇది పది మంది ముందు గట్టిగా అనిపిస్తాం.

మాకు ఎక్కువ కాల్స్ వచ్చేది నవంబరులో, జీవన్ ప్రమాణ్ (పెన్షనరు బతికే ఉన్నాడని ఇచ్చే) సర్టిఫికెట్ల నెల, 80 దాటిన వాళ్ళకయితే అక్టోబరు నుంచే. పెన్షన్ ఆఫీసు నుంచి అని చేసి మన పేరు, రిటైర్ అయిన తేదీ, పీపీఓ (పెన్షన్ ఆర్డరు) నంబరు అన్నీ వాడే చదువుతాడు, చదివాక ఇప్పుడొక ఓటీపీ వస్తుంది చెప్పండి అంటాడు. ఇన్ని వివరాలు తెలిసినవాడు దొంగెలా అవుతాడు అనుకుంటాం. ఆ వివరాలు వాడికి ఎలా చేరాయి అని మాత్రం ఎవరూ మమ్మల్ని కాకుండా ఆఫీసుల్ని అడగరు! అన్నీ ఆన్‌లైన్ చేయమని వెంటపడేదీ వాళ్ళే, పోయాక మీరు జాగ్రత్తగా ఉండాల్సింది అనేదీ వాళ్ళే. ఫోన్ చేసినప్పుడల్లా ఆ సైబర్ మోసాల కాలర్ ట్యూన్ వినిపించి విసిగించారు కొన్నాళ్ళు, అదే జాగ్రత్త డేటా దాచడంలో చూపిస్తే బాగుండేది.

ఇంకో మాట. వీళ్ళంతా హిందీ వాళ్ళు, మన భాష రాదు, గుర్తుపట్టెయ్యొచ్చు అనుకోకండి. చక్కటి తెలుగు మాట్లాడతారు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టారు కదా, డేటా ఎంట్రీ ఉద్యోగాలని మన కుర్రాళ్ళని కంబోడియా తీసుకెళ్ళి పాస్‌పోర్టులు లాక్కుని ఈ కాల్సే చేయించారు. అవతల మాట్లాడేవాడు కూడా ఒక్కోసారి బందీయే.


ఎన్‌జే_సుధ:

పెన్షనర్ గారూ మీ పోస్టు మా నాన్నకి ఫార్వర్డ్ చేసేశాను, పర్మిషన్ అడగలేదు.

మేం న్యూజెర్సీలో ఉంటాం, బయట ఉన్నవాళ్ళ తల్లిదండ్రులకి వచ్చేది ఇంకో రకం. మా పిన్నికి ఓసారి +92 (పాకిస్తాన్ కోడ్) నంబర్ నుంచి వాట్సాప్ కాల్, పోలీసు డీపీ, మీ అబ్బాయిని కేసులో పట్టుకున్నాం, ఫ్రెండ్స్ తో కలిసి ఏదో చేశాడు, ఎఫ్ఐఆర్ రాయకుండా ఉండాలంటే వెంటనే డబ్బు పంపండి అని, వెనకాల అబ్బాయి ఏడుపు "అమ్మా కాపాడు" అని. ఇప్పుడు ఏఐతో గొంతు కూడా చేస్తున్నారు, ఏడుపులో అయితే ఎవరి గొంతైనా ఒక్కలాగే ఉంటుంది. పిన్ని వాడికి చేస్తే తియ్యలేదు, ఎందుకంటే అక్కడ అప్పుడు రాత్రి మూడు! టైము చూసుకునే చేస్తారు, పిల్లలు నిద్రపోతూ ఉంటారు, తల్లి ఎన్నిసార్లు చేసినా ఎత్తరు, ఎత్తకపోతే నిజమేనేమో అని ఇంకా భయం.

అందుకని మా ఇంట్లో అందరం చేసుకున్న ఏర్పాటు ఏంటంటే, ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఇంకో ఇద్దరి నంబర్లు అమ్మావాళ్ళ గోడ మీద కాలెండర్ పక్కన రాసి పెట్టాం, ఒకటి ఇక్కడే ఉండే రూమ్మేటో స్నేహితురాలో, ఇంకోటి ఇండియాలోనే ఉండే కజిన్. నా ఫోన్ లో అమ్మ నంబరుకి డు నాట్ డిస్టర్బ్ లో మినహాయింపు పెట్టాను, రాత్రి మూడింటికైనా మోగుతుంది. గొంతు నాదేనని ఎవరైనా అంటే మా ఇంట్లో వాళ్ళకే తెలిసిన ఒక ప్రశ్న అడగాలి. అమ్మ మొదట ఏదో అడగమంటే నీ పుట్టినరోజెప్పుడు అని అడుగుతానంది, అది ఫేస్‌బుక్ లో ఉంటుందమ్మా అని చెప్పి మార్పించా. ఇప్పుడు మా మేడ మీద నీళ్ళ ట్యాంకులో ఒకసారి ఏం పడింది అని అడుగుతుంది. ఏం పడిందో ఇక్కడ రాయను లెండి.

అమ్మావాళ్ళు ఇక్కడికొచ్చినప్పుడు కూడా జాగ్రత్త, ఇక్కడి కాల్స్ ఐఆర్ఎస్ (ఇక్కడి ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు), ఇమిగ్రేషన్ పేరు మీద వస్తాయి, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చదవమంటారు. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళు ఆ పేరు వింటేనే భయపడతారు.


సెట్టింగ్స్_శీను:

సుధ గారు ట్యాంకులో ఏం పడిందో చెప్పండి ప్లీజ్ 😄


తణుకు_టు_బెంగళూరు:

అందరికీ చాలా థాంక్స్ అండి. ఇంటికెళ్ళొచ్చాను, అప్‌డేట్ రాస్తున్నా.

ముందు తమ్ముణ్ణి కాల్ లో పెట్టి కరీంనగర్ కోడలు గారి మెసేజ్ చదివి వినిపించా, వాడు కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత సరే ఫోన్ సంగతి వదిలెయ్ అన్నాడు. నాన్నగారికి పెన్షనర్ గారి పోస్టు చూపించా, కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, ఆ 35 సెక్షన్ దగ్గర ఆగి, ఇది నిజమేనా అని నా చేత వెతికించి సుప్రీంకోర్టు వార్త చదివారు. ఓస్వాల్ గారి సంగతి అమ్మని పిలిచి మరీ చెప్పారు. సంచార్ సాథీలో ఆయన పేరు మీద ఉన్న సిమ్ లు చూశాం, రెండే ఉన్నాయి, ఒకటి ఆయన వాడేది, రెండోది అమ్మ వాడేది. ముంబైది లేదు. చక్షులో రిపోర్ట్ కూడా ఆయనే టైప్ చేశారు, నాకంటే వివరంగా, టైముతో సహా.

వాట్సాప్ సెట్టింగ్స్ ఇద్దరి ఫోన్లలోనూ పెట్టాం. అమ్మ ఫోన్ లో క్విక్ సపోర్ట్ ఉంది! ఎప్పుడో డిష్ రీఛార్జ్ కోసం ఎవడో వేయించాడట. తీసేశాం. యూపీఐ చిన్న అకౌంటుకి మార్చడం ఆయనకి నచ్చింది, నెట్ బ్యాంకింగ్ తీయించడం నచ్చలేదు, వడ్డీ లెక్క రోజూ చూసుకుంటారంట. దానికేమన్నా దారి ఉందా కౌంటర్ గారూ? ఇద్దరి సంతకం దానికి మాత్రం అమ్మ ఒప్పుకోవట్లేదు, ఆయన డబ్బుకి నా సంతకం ఎందుకు అని, అది ఒప్పించే పనిలో నాన్నగారే ఉన్నారు.


కౌంటర్_నం_3:

ఉందండి. చాలా బ్యాంకుల్లో చూడటానికి మాత్రమే పనికొచ్చేలా నెట్ బ్యాంకింగ్ ఇస్తారు, డబ్బు కదపడానికి వీలుండదు, వడ్డీ, స్టేట్‌మెంటు అన్నీ కనపడతాయి. బ్రాంచిలో "వ్యూ ఓన్లీ" కావాలి అని అడగండి, కౌంటర్ లో అర్థం కాకపోతే మేనేజరుని అడగండి.

ఎఫ్‌డీ పేర్లు మార్చడానికి ఇద్దరూ రావాలి, ఆధార్, పాన్, ఫోటోలు, ఒరిజినల్ ఎఫ్‌డీ బాండ్లు తీసుకురండి. కొన్నిచోట్ల పాత ఎఫ్‌డీకి పేరు కలపరు, మెచ్యూర్ అయ్యాక కొత్తది వేసేటప్పుడు జాయింటుగా వెయ్యమంటారు, అలాగే చెయ్యండి, ఇప్పుడు పగలగొట్టి వడ్డీ పోగొట్టుకోకండి. నామినీ పేరు కూడా పనిలో పని చూసుకోండి, సగం మందికి ఉండదు. ఒకటో తారీఖు నుంచి ఐదు దాకా మాత్రం రాకండి, పెన్షన్ల రష్, అమ్మగారు నిలబడలేరు.